ఆదివారం సైకిల్

మా ఊళ్ళో పగటిపూట ఏం జరుగుతుందో మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. పెళ్ళయిన కొత్తలో వచ్చి కాపురం పెట్టిన ఊరే, ఇంటి పన్ను కడుతున్న ఊరే. అయినా వారమంతా తెల్లవారగానే దాన్ని వదిలి రైలెక్కుతాను, వీధి దీపాలు వెలిగాక వచ్చి పడతాను. నేనొక్కణ్ణే కాదు, ఊళ్ళో సగం మంది బతుకు ఇంతే. నగరంలో అద్దెలు కట్టలేనివాళ్ళంతా పట్టాల వెంట జరుగుతూ జరుగుతూ వచ్చి ఇక్కడ ఆగారు. అందుకే ఇది ఎవరికీ సొంత ఊరు కాదు. మా సందులో పట్టుమని పది ఇళ్ళుంటే వాటిలో మాట్లాడే భాషలు అయిదో ఆరో. మొగుడూ పెళ్ళాల గొడవలు ఎవరి భాషలో వాళ్ళు పడతారు కాబట్టి గోడలు పల్చనైనా పరువుకి లోటు లేదు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. నగరంలో పెద్ద పెద్ద భవనాల్లో జనం క్షేమంగా పైకెక్కి కిందకి దిగడం నా పూచీ. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆమెది నా కంటే ముందు బండి. మా ఇద్దరి బండ్ల మధ్యా మా చిట్టి పెరిగింది. పాలు తాగే వయసు నుంచీ పగలంతా టైలరుగారింట్లోనే. ఇప్పుడు బడికి వెళ్తోంది గానీ, బడి వదలగానే పుస్తకాల సంచీ పోయి పడేది అక్కడే.

టైలరుగారి ఇల్లు సందు మొదట్లో ఉంటుంది. ముందుగది కొట్టు, వెనకగది కాపురం. రైలెక్కేవాళ్ళ ప్యాంట్లకి అంచులు కుట్టడం, ఊడిన జిప్పులు మార్చడం ఆయన పని. ఆయన భార్య సందు మొత్తానికి పెద్దమ్మ. రైలెక్కే తల్లిదండ్రుల పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూస్తుంది. మీది ఎక్కడండీ అని అడిగితే ఆయన "పట్టాలకి అటువైపు" అని చేత్తో చూపిస్తాడు. అటువైపు ఎంత దూరమో చెప్పడు. వాళ్ళ భాష వేరు, మా భాష వచ్చీ రానట్టు మాట్లాడతారు. మంచివాళ్ళు. ఆ మంచితనమే నాకు పడదు.

దాచడమెందుకు, ఆయనంటే నాకు కుళ్ళు. చిట్టి ఆయన్ని తాత అని పిలుస్తుంది, అదీ వాళ్ళ భాషలో. అంకెలు ముందు వాళ్ళ భాషలోనే నేర్చుకుంది. నేను చొక్కా వేసుకుంటుంటే ఎక్కడి నుంచో టేపు తెచ్చి "చేతులు చాచు" అంటుంది, నోట్లో గుండుసూదులున్నట్టు పెదాలు బిగించి. అచ్చం ఆయనే. బొమ్మ చెయ్యి విరిగినా, పెన్సిల్ ముల్లు విరిగినా "తాతకి చూపిస్తా" అంటుంది. చెడిపోయినవి బాగుచేసి బతికేవాణ్ణి నేను, నా ఇంట్లో చెడిపోయినవన్నీ సందు మొదటికి పోతాయి. ఒకసారి జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే నా ఒళ్ళోనే పడుకుని ఆయన్ని కలవరించింది. తడిగుడ్డ పిండుతూ పళ్ళు నూరుకున్నవాడు ఈ లోకంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

అయితే నా దగ్గరా ఒకటుంది. చిట్టి మొదటి అడుగు నేను చూశాను. అది ఆదివారం. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. అది గోడ వదిలేసి, రెండు చేతులూ గాల్లో పెట్టి, తప్పటడుగులతో వచ్చి నా కాలు వాటేసుకుంది. సబ్బు నురగ చేతులతోనే ఎత్తుకున్నాను. మర్నాడు దాన్ని దింపుతూ టైలరుగారింట్లో ఆ సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెంచాననే ఒప్పుకుంటాను. పెద్దమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని విని "మీ కోసమే ఆగినట్టుంది" అంది. ఆ మాట ఎన్నేళ్ళు చప్పరించానో. వారమంతా వాళ్ళ గచ్చు మీద పాకిన పిల్ల అడుగు వెయ్యడానికి మాత్రం నాన్న సెలవు కోసం ఆగింది. రైల్లో మా పెట్టెలో ఈ కథ విననివాళ్ళు లేరు. కూర్చోగానే కునుకు తీసే ఒకాయన ఉన్నాడు, కునుకాయన అనే అంటాం. ఆయన నిద్రలో కూడా దాన్ని వినివుంటాడు.

కిందటి వానలు వెళ్ళగానే చిట్టికి సైకిల్ కొన్నాను. ఎవరో వాడి అమ్మేసిన ఎర్ర సైకిల్, రంగు అక్కడక్కడా లేచింది. పక్క చక్రాలు నా చేతులతో నేనే ఊడదీశాను. ఇది నేను నేర్పాలి. నడక తర్వాత సైకిలే. ఆ రెండూ నావైతే మిగిలిన టేపులూ బొత్తాలూ అంకెలూ ఆయనవే కానీ అనుకున్నాను. చిట్టికి మాత్రం "ఆదివారం నేర్పుతా, అందాకా ముట్టుకోకు" అని గట్టిగా చెప్పాను. ఇంట్లో చోటు లేక సైకిల్ టైలరుగారి అరుగు మీద పెట్టడం ఒక్కటే నేను చేసిన తెలివితక్కువ పని.

స్టేషన్ పక్కన స్కూటర్లు నిలిపే మైదానం ఆదివారం బోసిపోయి ఉంటుంది. అక్కడ మా పాఠం. నేను సీటు పట్టుకుని వంగి పరిగెత్తేవాణ్ణి, చిట్టి "వదలకు నాన్నా, వదలకు" అని అరిచేది. వదిలితే చాలు, హ్యాండిల్ రెండుసార్లు అటూ ఇటూ కొట్టుకునేది, కాళ్ళు రెండూ ఎత్తేసేది, ఎడమపక్కకి పడిపోయేది. ఆదివారం తర్వాత ఆదివారం ఇదే వరస. సోమవారం రైల్లో అడిగేవాళ్ళు, "పాపకి వచ్చిందా?" అని. "ఇంకా లేదు, నేను వదిలితే భయపడుతోంది" అనేవాణ్ణి. నా నడుము పట్టేసింది, మోకాళ్ళు పట్టేశాయి. నిజం చెప్పాలంటే, అది త్వరగా నేర్చుకోవాలని నాకూ పెద్దగా లేదు. ఒక్క పనికైనా అది నన్ను పట్టుకుని ఉందిగదా అని లోపల్లోపల సంబరంగానే ఉండేది.

అలా ఉండగా ఒక పనిదినాన మేం లిఫ్టు బాగుచేస్తున్న భవనంలో వైర్లు కాలిపోయి కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదన్నారు. కరెంటు లేని భవనంలో లిఫ్టు మెకానిక్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంటికి పొమ్మన్నారు. పోతూ పోతూ స్టేషన్ దగ్గర కొట్టులో సైకిల్ గంట ఒకటి కొన్నాను, తళతళలాడేది. మధ్యాహ్నం బండిలో జనమే లేరు. కిటికీ పక్కన కూర్చుని, వారం మధ్యలో దొరికిన ఈ పూట చిట్టికి ఇంకో పాఠం చెప్పొచ్చని లెక్కలు వేసుకుంటూ వచ్చాను.

పగటి వెలుగులో మా ఊరు వేరే ఊరులా ఉంది. మా రైలువాళ్ళ అమ్మలూ నాన్నలూ కాబోలు, ముసలివాళ్ళు స్టేషన్ బయట బల్లల మీద కూర్చుని ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, ఒకరి మాట ఒకరికి అర్థంకాకపోయినా అందరూ తలలూపుతున్నారు. ఒకావిడ అరుగు మీద బట్టలు మడతపెడుతూ పక్కింటి పసిపిల్లని కాలితో ఊపుతోంది. నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చే మనిషి నన్ను చూసి బండి ఆపి "ఎవరింటికండీ?" అని అడిగాడు. నేనీ సందులోనే ఉంటానయ్యా అన్నాను. "ఎప్పుడూ చూడలేదే. కొత్తగా వచ్చారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి నీళ్ళ డబ్బా రోజూ వేసేది వాడేనట.

బడి వదిలే వేళయింది. సందు మలుపు తిరిగాను. ఎదురుగా చిట్టి వస్తోంది, సైకిల్ మీద.

పట్టుకున్నవాళ్ళెవరూ లేరు. వంకర లేదు, వణుకు లేదు. సందులో నిలిపిన వ్యాను చుట్టూ చక్కగా తిరిగి, గుంత దగ్గర కొంచెం పక్కకి తప్పుకుని, ఒక చెయ్యి వదిలేసి ముక్కు గోక్కుంటూ వస్తోంది. టైలరుగారు గుమ్మంలో కూర్చుని దారం కొరుకుతున్నాడు. తలెత్తి చూడను కూడా లేదు. అది నన్ను ఎక్కువ కోసింది. ఆ దృశ్యం ఆయనకి పాతబడిపోయింది.

అప్పుడు చిట్టి నన్ను చూసింది. ముఖం వెలిగింది. వెలిగిన ముఖం అంతలోనే కంగారు పడింది. హ్యాండిల్ రెండుసార్లు అటూ ఇటూ కొట్టింది, కాళ్ళు రెండూ ఎత్తేసింది, ఎడమపక్కకి దబ్బున పడింది. పరిగెత్తి లేవనెత్తాను. మోకాలు నిజంగానే గీరుకుపోయింది.

"నువ్వు పట్టుకోలేదు నాన్నా, అందుకే పడిపోయా" అంది.

ఆదివారాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అవే రెండు ఊపులు, అదే ఎడమపక్క. నేను నడుం విరగ్గొట్టుకుని నేర్పింది సైకిల్ కాదు, పడటం.

టైలరుగారు కత్తెర చేత్తో పట్టుకునే లేచి వచ్చాడు. పెద్దమ్మ లోపల్నించి నీళ్ళూ గుడ్డా తెచ్చింది. ఆమె వెనకాలే ఒక బుడ్డోడు, దేన్నీ పట్టుకోకుండా, కొత్త నడక నడుస్తూ గడప దాకా వచ్చి చతికిలబడ్డాడు. మా పెట్టెలోనే వచ్చే మందులషాపు కుర్రాడి కొడుకు వాడు. వాడు నడవడం నేను చూశానని గమనించి, పెద్దమ్మ తడిచేతులతోనే వాణ్ణి చటుక్కున చంకనేసుకుంది, పరాయివాళ్ళకి కనబడకూడనిదేదో కనబడినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని టైలరుగారిని అడిగాను.

ఆయన నీళ్ళు నమిలాడు. "వాన వెళ్ళింది కదా. అప్పటి నుంచి."

"అంటే సైకిల్ కొన్న వారమే. మిమ్మల్నెవరు నేర్పమన్నారు మాస్టారూ?"

"నేను నేర్పలేదు బాబూ. నేను మిషన్ మీద ఉన్నాను. తనే ఎక్కింది, తనే వెళ్ళింది. నేను లేచి వచ్చేసరికి సందు చివర ఉంది."

ఆయన నేర్పాడంటే ఆయన మీద పడి అరిచేవాణ్ణి. ఎవరూ నేర్పలేదంటే ఎవరి మీద అరవాలో తెలియక ఇంకా మండిపోయింది. "మరి ఆదివారం ఆ నాటకమేమిటి?" అన్నాను.

పెద్దమ్మ మోకాలు తుడుస్తూ నా వైపు చూడకుండా చెప్పింది. "నేను చెప్పాను. నాన్న కొన్నాడు, నాన్న దగ్గర నేర్చుకో, ఇక్కడ వచ్చినట్టు చెప్పకు అని. పడమని చెప్పలేదు. పడటం తన సొంత తెలివి."

చిట్టి తల వంచుకుని మోకాలి మీద ఊదుకుంటోంది.

"చెప్పొద్దని ఎందుకు చెప్పారు?"

"మా ఇంట్లో అలవాటు బాబూ. పిల్లలు మా దగ్గర ఏది మొదలుపెట్టినా మేం చెప్పం. సాయంత్రం ఇంటికెళ్తారు, ఆదివారం ఇంట్లో ఉంటారు, అప్పుడు అమ్మా నాన్నా చూస్తారు. మర్నాడు వచ్చి మాకు చెప్తారు. మేం వింటాం."

"అందరి పిల్లలకీ ఇంతేనా?"

"అందరికీ."

నా చెవిలో ఎవరో పూలు పెడుతూ పోతే, అవి దండగా మారేదాకా నేను తడుముకోలేదన్నమాట. అడగకుండా ఉంటే బాగుండేది గానీ అడిగేశాను. "చిట్టి మొదటి అడుగు?"

పెద్దమ్మ లేచింది. "టీ పెడతాను" అని లోపలికి వెళ్ళిపోయింది. టైలరుగారు కత్తెరని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, అదేదో ఇప్పుడే కొన్నట్టు.

నేను చిట్టిని ఎత్తుకున్నాను. "రేపటి నుంచి పిల్ల రాదు" అని చెప్పి, టీ కోసం ఆగకుండా వచ్చేశాను. సైకిల్ అక్కడే పడి ఉంది. జేబులో గంట తొడకి గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చాక అంతా చెప్పాను. ఆమె చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని వింది.

"రేపు రాదన్నావు సరే, ఎక్కడ పెడతావు? నీ లిఫ్టులోనా?" అంది.

"ఎక్కడో ఒకచోట. నగరంలో పిల్లల్ని చూసేవాళ్ళే లేరా?"

"ఉన్నారు. మొదటి అడుగు వేసిన రోజే ఫోన్ చేసి చెప్తారు. నువ్వు పదో అంతస్తులో తాడుకి వేలాడుతూ వింటావు. బాగుంటుందా?"

"మోసం కాదూ ఇది?"

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. తర్వాత "నాకు అనుమానం ఎప్పుడో వచ్చింది" అంది. "దీనికి మొదటి పన్ను వచ్చిన రోజు నేనే చూశాననుకున్నాను. ముట్టుకుంటే అప్పటికే పదునుగా ఉంది. రాత్రికి రాత్రి అంత పదును రాదు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నిజం చెప్తారని."

చిట్టిని రేపటి నుంచి పంపనని నేను, పంపక ఏం చేస్తావని ఆమె. తెల్లారేసరికి ఆమె బండి ఆమెకుంది, నా బండి నాకుంది. చిట్టి యథాప్రకారం టైలరుగారింటికే వెళ్ళింది. నేను గుమ్మం దాకా తీసుకెళ్ళి, దాని సంచీ లోపలికి అందించి, ఎవరి ముఖమూ చూడకుండా స్టేషన్ దారి పట్టాను. పరువు పోయిన మనిషి నడక ఎలా ఉంటుందో ఆ రోజు నా కాళ్ళని చూస్తే తెలిసేది. పెద్దమ్మ వెనక నుంచి "గుడ్డు పెట్టమని మీరు చెప్పక్కర్లేదు, పెడతాను" అంది. రోజూ చెప్పేవాణ్ణి. ఆ రోజు చెప్పలేదు, అదీ ఆమె గమనించింది.

ఆ వారమంతా నాలో నేను ఉడుక్కుంటూనే ఉన్నాను. చిట్టి ఇంట్లో అన్నం తింటున్నా, నిద్రపోతున్నా, ఇందులో నాకు మొదట దక్కిందేమిటి, మిగులు దక్కిందేమిటి అని వెతుక్కునేవాణ్ణి. అది ఏదైనా కొత్త మాట అంటే ముందు ఎక్కడ అందో అనుకునేవాణ్ణి. ముద్దు పెట్టినా అనుమానమే.

ఆదివారం వచ్చింది. చిట్టే గుర్తుచేసింది, "మైదానానికి వెళ్దామా నాన్నా" అని. తన నాటకం తెలిసిపోయిందని దానికి అర్థమైందో లేదో నాకు అంతుపట్టలేదు. టైలరుగారి అరుగు మీద సైకిల్ నిలబెట్టి ఉంది, వంగిన పెడల్ ఎవరో సరిచేశారు. మాట్లాడకుండా తీసుకున్నాం.

మైదానంలో సీటు పట్టుకుని వంగాను, పరిగెత్తాను. "వదలకు నాన్నా" అంది చిట్టి, అలవాటుగా. చప్పుడు చెయ్యకుండా వదిలేశాను. అది ముందుకి వెళ్ళిపోయింది, తిన్నగా, హాయిగా. కొంత దూరం పోయాక నా అడుగుల చప్పుడు వినబడలేదేమో, వెనక్కి తిరిగి చూసింది. నేను చేతులు రెండూ కిందకి దించి నిలబడి ఉన్నాను. పడాలా వద్దా అన్న ప్రశ్న దాని ముఖంలో అంత దూరం నుంచి కూడా స్పష్టంగా కనబడింది. హ్యాండిల్ ఒకసారి ఊగింది.

"పడకు" అన్నాను. "వచ్చేసిందిలే. పడనక్కర్లేదు."

హ్యాండిల్ నిలబడింది. అది మైదానం చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి కాలు ఆనించి ఆగింది. నాకు బుద్ధి ఉంటే అక్కడితో వదిలెయ్యాలి. కానీ కుళ్ళు ఊరుకోనిస్తుందా? "ఎవరు నేర్పారు?" అని అడిగాను.

చిట్టి నా ముఖాన్ని చూసింది, కొలత తీసేటప్పుడు ఆయన చూసినట్టు. "నువ్వే" అంది.

చిన్న పిల్ల నా మనసు ఎక్కడ బిగుతుగా ఉందో చూసి అక్కడ వదులు చేసింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. జేబులోంచి గంట తీసి చూపించాను. దాన్ని బిగించడానికి స్క్రూడ్రైవర్ కావాలి, నాది పని దగ్గర ఉంది. "తాత దగ్గర ఉంది, మిషన్‌ది" అంది చిట్టి. ఉంటుందని నాకూ తెలుసు.

టైలరుగారు ఆదివారం కూడా కొట్టు తెరిచే ఉంచాడు. చిట్టి సైకిల్ తొక్కుతూ రావడం చూసి దిగ్గున లేచాడు. టేపు మెడలోంచి జారి పడిపోయింది, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మహానటుడు. పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. చిట్టి కిసుక్కున నవ్వింది. నేను మాత్రం "చాల్లెండి మాస్టారూ, స్క్రూడ్రైవర్ ఇవ్వండి" అన్నాను.

ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు, నేను గంట బిగిస్తున్నాను. తల ఎత్తకుండానే అడిగాను. "ఎక్కడ వేసింది?"

దేని గురించో ఆయన అడగలేదు. మిషన్‌కీ ఇస్త్రీ బల్లకీ మధ్యనున్న చోటు గడ్డంతో చూపించాడు. "అక్కడి నుంచి ఇక్కడికి. చేతిలో నా సుద్ద ఉంది. సుద్ద ఇవ్వడానికి వచ్చింది."

"ఎవరికి చెప్పారు?"

"ఎవరికి చెప్తాను? మీకు చెప్పకూడదు. మా ఆవిడ పక్కనే ఉంది, తనకి చెప్పక్కర్లేదు. మిషన్‌కి చెప్పాను." హ్యాండిల్ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "మీరు సోమవారం వచ్చి చెప్పారు కదా, వంటింట్లో నడిచిందని, మీ కాలు పట్టుకుందని. పెద్దగా చెప్పారు. అప్పుడు నాకు కొంచెం..."

మా భాషలో మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. అరచెయ్యి పొట్ట మీద పెట్టి, అక్కడ ఏదో కాలుతున్నట్టు గుండ్రంగా తిప్పాడు.

ఆ మాట నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళుగా దానితోనే కాపురం చేస్తున్నాను. కానీ అందించలేదు, స్క్రూ మరో చుట్టు బిగించాను. ఇంత కాలం నేను ఆయన్ని చూసి కుళ్ళుకుంటుంటే, ఆయన నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. అది తెలిశాక నాకు కాస్త చల్లగా అనిపించిన మాట నిజం.

గంట బిగిసింది. చిట్టి వేలు పెట్టబోయింది. "ఉండు. ముందు తాతని కొట్టనీ" అన్నాను.

"నేనా?" అన్నాడాయన.

"మీరే. ఇది అందరికీ చెప్పుకోవచ్చు."

టైలరుగారు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని గంట కొట్టాడు. ఒకసారి కొట్టి ఊరుకుంటాడనుకున్నాను. సందు మొత్తం తలుపులు తెరుచుకునేదాకా కొడుతూనే ఉన్నాడు, చిట్టి చప్పట్లు కొడుతూ ఆయన భాషలో ఏదో అంటోంది. ఆయన చేతికి గంట ఎందుకిచ్చానా అని అప్పుడే అనిపించింది.

మర్నాడు రైల్లో ఎప్పటిలాగే అందరం సర్దుకుని కూర్చున్నాం. కునుకాయన అప్పటికే కునుకులో ఉన్నాడు. మందులషాపు కుర్రాడు ఆఖర్న పరిగెత్తుకుంటూ ఎక్కాడు, చేతిలో చాక్లెట్ల పొట్లం. ఒక్కొక్కరికీ పంచుతూ నా దగ్గరికొచ్చి ఆగాడు. ముఖం ఉబ్బిపోయి ఉంది, నిద్ర లేనట్టుంది, అయినా నవ్వు ఆగడం లేదు.

"అన్నా, మావాడు నడిచాడు" అన్నాడు. "నిన్న. నేను మంచం మీద కూర్చుని సాక్సులు మడతపెడుతున్నాను. కుర్చీ వదిలేసి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. వాళ్ళమ్మ పక్కనే ఉంది, ఆమె దగ్గరికి పోలేదు. నా దగ్గరికే. మొట్టమొదటి అడుగు అన్నా."

వాడి కొడుకు గడప దాకా నడిచొచ్చి చతికిలబడటం నా కళ్ళ ముందు మెదిలింది. పనిదినం, పట్టపగలు, నేను చూశాను. కన్నతండ్రి కంటే ముందు చూశాను. నా దగ్గర లేనిది వాడి దగ్గర ఉంది, వాడి దగ్గర ఉన్నదాన్ని ఒక్క మాటతో ఊడగొట్టడం నా చేతిలో ఉంది. వాడి ముఖంలో ఆ వెలుగు చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయింది. నాకూ ఒకప్పుడు ఉండేదది. ఇక రాదు. ఒక్కణ్ణే ఎందుకు పోగొట్టుకోవాలి? మాట నాలుక చివర దాకా వచ్చింది.

వాడు చాక్లెట్ నా అరచేతిలో పెట్టి, నేనేమంటానో అని నిలబడి చూస్తున్నాడు. బండి కదిలింది. కిటికీలోంచి మా సందు మొదలు ఒక్క క్షణం కనబడింది, టైలరుగారు కొట్టు తలుపు తీస్తున్నాడు.

"ఆదివారమే నడిచాడా?" అన్నాను.

"ఆదివారమే అన్నా."

చాక్లెట్ కాగితం విప్పి నోట్లో వేసుకున్నాను.

"అయితే నీ కోసమే ఆగినట్టున్నాడు" అన్నాను.